బురద పైకి తేలదు

నర్సీపట్నం,
2024 జూలై 18, గురువారం.

చిరంజీవి మన్మథరావుకి,

నీ పాత సైన్సు టీచరు వరహాలక్ష్మి దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. నా మోకాళ్ళు, మునిసిపాలిటీ కుళాయి తప్ప అన్నీ సక్రమంగానే ఉన్నాయి. నీ క్షేమం అడగక్కర్లేదు. పదిమంది ముందు ఒక పిల్లని అంత గట్టిగా కేకలెయ్యగలిగావంటే గుండె, ఊపిరితిత్తులు దివ్యంగా పనిచేస్తున్నట్టే.

ఫోను చెయ్యొచ్చు. చేస్తే నువ్వు "అలాగేనండి టీచర్, చూస్తానండి టీచర్" అని పెట్టేస్తావు. ఉత్తరానికైతే మధ్యలో మీటింగు అడ్డం రాదు. అందుకని స్పీడు పోస్టు.

నీ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సాయిలక్ష్మి నా కూతురి కూతురని నీకు తెలుసు. ఇంట్లో మాకు బేబి. తను నీ దగ్గర చేరినప్పుడు నేను సిఫార్సు చెయ్యలేదు, నువ్వూ ఆశించలేదు. ఆ విషయంలో ఇద్దరం మర్యాదగానే నడుచుకున్నాం. ఇప్పుడు చేస్తున్నదీ సిఫార్సు కాదు. జరిగింది చెప్తాను, అంతే.

పోయిన శుక్రవారం సాయంత్రం బేబి ఒక ఇనప పెట్టె మోసుకుంటూ బస్సు దిగింది. అందులో ఏముందని కండక్టరు అడిగితే రాళ్ళండీ అందట. "రాళ్ళకి టిక్కెట్టు కొట్టడం నా సర్వీసులో లేదమ్మా. ఏటి, సున్నం కాల్చుకోడానికా?" అన్నాడట. మామూలప్పుడైతే ఈ మాట చెప్పి ఇల్లంతా నవ్వించేది. మూడు ముక్కల్లో చెప్పేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

మా ఇంట్లో పనిచేసే అప్పలలక్ష్మి మర్నాటికల్లా బెంబేలెత్తిపోయింది. "పంతులమ్మగోరూ, పాపకేటైనాది? ఆ పెట్టి తెచ్చిన కాడ్నుంచీ మెతుకు ముట్టలేదు. ఆ రాళ్ళలో ఏటైనా ఉన్నాదేటి?" అని అడిగింది. ఉంది, సముద్రం ఉంది అన్నాను. "అయితే మనకి ఉప్పు కర్సు తగ్గినట్టే" అని చీపురు పట్టుకుని పోయింది.

ఆదివారానికి బేబి నోరు విప్పింది. నాకర్థమైనంత ఇక్కడ రాస్తాను. ఎన్నో ఏళ్ళు నీ పేపర్లు నేను దిద్దాను, ఒక్కసారి నాది నువ్వు దిద్దు.

నిరుడు మే నెలలో మీరు రాజమండ్రి దగ్గర, నల్లరాతి పొరల మధ్య ఇరుక్కున్న సున్నపురాయిని గొట్టంతో తొలిచి, చెరుకు గడల్లాంటి రాతిముక్కలు పైకి తీశారు. మరీ లోతు నుంచి కాదు, కానీ వాటి వయసు మన ఊహకి అందేది కాదు. ఆ రాతిని పలచగా కోసి గాజుపలక మీద అతికించి చూస్తే కంటికి ఆనని గుల్లలు కనబడతాయి. అడుగు పొరల్లో మంచినీటి చెరువుల్లో పెరిగే నాచుజాతి మొక్క గింజలు, దారం చుట్టినట్టు మెలికలు తిరిగి గుండ్రంగా. పై పొరల్లో ఫొరామినిఫెరా. అమీబాకి గదులు గదులుగా సున్నపు ఇల్లు కట్టిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి, ఇవి ఉప్పునీటి కాపురస్థులు. అంటే అక్కడ మొదట మంచినీళ్ళు నిలిచాయి, తరవాత సముద్రం లోపలికి వచ్చింది. ఇంతవరకు పాసు మార్కులు వేస్తావనుకుంటాను.

గొడవంతా మధ్యలో ఉన్న ఒక మూరెడు ముక్కతో. దాని అడుగున సముద్రపు గుల్లలు, పైకి వెళ్ళేకొద్దీ చెరువు గింజలు. ఆ లెక్కన సముద్రం చెరువు మీదకి ఒక్క గంతు దూకి, నింపాదిగా వెనక్కి నడిచి, మళ్ళీ ఒక్క గంతు దూకాలి. సముద్రం కుప్పిగంతులెయ్యదని నువ్వన్నావు. ఒప్పుకుంటాను. అంతటితో ఆగావా? స్లైడ్లు కలగాపులగం చేసి లెక్క రాసిందన్నావు. ఇలాంటి చేతులు సైన్సుకి పనికిరావన్నావు. తప్పు ఒప్పుకునేదాకా సెమినారు కాగితం మీద సంతకం పెట్టనన్నావు. జూనియర్లంతా వింటుండగా.

పిల్ల మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. ప్రతిసారీ అదే వచ్చింది. "నా కళ్ళతో నేను చూసిందే తప్పయితే, ఇంక దేన్ని నమ్మమంటావు అమ్మమ్మా?" అని అడిగింది. సోమవారం పొద్దున్న తలదువ్వుకుని బయల్దేరితే మనసు కుదుటపడిందనుకున్నాను. బస్ కాంప్లెక్సు వెనకాల ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం ఖాళీ ఉందేమో కనుక్కోడానికట! ఏడిస్తే తట్టుకునేదాన్ని. మా ఇంటికి ఒక టీచరు చాలు మన్మథరావూ, ఆ ఒక్కదాన్నే ఊరు భరించలేకపోయింది.

మంగళవారం ఏజెన్సీ కొండల మీద కుంభవృష్టి. ఇక్కడ కుళాయిలో ఎర్రనీళ్ళు. ఒక గాజు గ్లాసులో పట్టి కిటికీలో పెట్టాను, తేరుకున్నాక దాని ఫొటో తీసి మునిసిపాలిటీ వాళ్ళకి పంపుదామని. ఏమీ తోచక బేబి పెట్టెలోంచి ఒక స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టుకున్నాను. ఆ మైక్రోస్కోపు నీకు గుర్తుండాలి. నేను రిటైరైనప్పుడు మీ బ్యాచి వాళ్ళు శాలువా కప్పబోతే, చెమటలు కారే ఊళ్ళో శాలువా ఎందుకర్రా, మైక్రోస్కోపు కొనివ్వండి అన్నాను. అందులో నీ చందా కూడా ఉంది. కంటి ఆపరేషను తరవాత నాకు అన్నీ బాగా కనిపిస్తున్నాయి. అది అన్నివేళలా సుఖమని చెప్పను.

చక్కటి గుల్ల ఒకటి కనబడింది. సగం బురదరంగు, సగం పటికబెల్లంలా తెల్లగా మెరుస్తోంది. కిటికీలో గ్లాసు చూశాను. బురద అడుక్కి దిగింది, తేట పైన నిలిచింది. మళ్ళీ గుల్లని చూశాను.

"ఒసే బేబీ, ఇందులో బురద పైకి తేలిందేటే?" అని అడిగాను.

పడుకున్న చోటునుంచే, "మైక్రోస్కోపులో బొమ్మ తిరగబడుతుంది అమ్మమ్మా. నువ్వే కదా మాకు చెప్పేదానివి" అంది. నీరసంలో కూడా నాకు పాఠం చెప్పే ఓపిక ఉంది దానికి.

ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా, తిప్పి చూసుకునే అడుగుతున్నాను అన్నాను. "పలక అంచున 'ఇది పైవైపు' అని నువ్వు గీత పెట్టుకున్నావు, బురద సరిగ్గా ఆ గీత వైపే పేరుకుని ఉంది" అన్నాను.

లేచింది. నన్ను కుర్చీలోంచి దాదాపు తోసేసినంత పని చేసి కూర్చుంది. గుల్లని చూసింది, పలక అంచున గీతని చూసింది. తరవాత నెమ్మదిగా స్లైడుని తలకిందులుగా తిప్పింది.

"బురద పైకి తేలదు అమ్మమ్మా" అంది.

అప్పుడు నాకు వివరంగా చెప్పింది. లోపలి ప్రాణి పోయాక గుల్ల ఖాళీ అయి నీటి అడుక్కి చేరుతుంది. లోపలికి చొరబడిన బురద కింద పేరుకుంటుంది. పైన మిగిలిన ఖాళీలో తరవాత ఎప్పుడో స్ఫటికం పెరుగుతుంది. అంటే సగం నిండిన ప్రతి గుల్లా మేస్త్రీలు గోడమీద పెట్టే రసమట్టం లాంటిదే, ఏది పైనో ఏది కిందో చెప్పేస్తుంది. ఆ మూరెడు ముక్క స్లైడ్లన్నీ చూసింది. అన్నింట్లోనూ బురద గీత వైపే. దాని మీది ముక్క, కింది ముక్క చూసింది. వాటిల్లో బురద ఉండాల్సిన చోటే ఉంది. మధ్యముక్కని తిరగేసి పెట్టుకుని లెక్క చూస్తే చెరువు, కొంచెం ఉప్పు, ఇంకొంచెం ఉప్పు, సముద్రం. ఎక్కడా గంతుల్లేవు.

కాబట్టి మన్మథరావూ, స్లైడ్లు కలిసిపోలేదు, లెక్క తప్పలేదు. పైవైపు చూపాలని, ముక్క బయటికి తీసినప్పుడే రాతి మీద తెల్లరంగుతో వేసిన బాణం కిందవైపు చూపించింది. ఆ బాణాన్ని నమ్మి ముక్కని పెట్టెలో తలకిందులుగా పడుకోబెట్టారు. దాన్నే నమ్మి బేబి పలకల మీద గీతలు పెట్టుకుంది.

ఆ పూట రెండుసార్లు చారన్నం వడ్డించుకుంది. "సముద్రం దిగిపోయినాదా?" అని అప్పలలక్ష్మి అడిగితే, "లేదప్పా, ఇప్పుడే సరిగా వచ్చింది" అంది. ఆ నవ్వు ఒక పూట కూడా నిలవలేదు. సాయంత్రానికి మళ్ళీ మొహం ముడుచుకుంది. "బాణాలన్నీ నేనే వేశాను అమ్మమ్మా. అంటే తప్పు నాదే. సార్ తిట్టిన తిట్టు సరైనదే, కారణం ఒక్కటే మారింది. వచ్చే సోమవారం వెళ్ళి అందరి ముందూ ఒప్పుకుంటాను" అంది. నీ చేతులు బాగానే ఉన్నాయే అని నేనంటే వినిపించుకోలేదు. అమ్మమ్మ మాటకి సాక్ష్యం విలువ లేదు కదా.

నేను కోరేది ఇదీ. సోమవారం బేబి నీ గదిలోకి రాగానే, తను నోరు తెరవకముందే, ఆ స్లైడు పెట్టి నువ్వు స్వయంగా చూడు. బురద ఏ వైపుందో చూసి ఆ తరవాత మాట్లాడు. నువ్వు మూర్ఖుడివి కావు, ఎప్పుడూ కావు. కోపం ముందొస్తుంది, బుద్ధి తరవాతి బస్సులో వస్తుంది, అంతే.

మీ ఆవిడకీ పిల్లలకీ నా ఆశీస్సులు. బేబితో కొంచెం జీడిపప్పు పంపిస్తున్నాను. లంచం కాదు, ఈ ఏడు పప్పు తియ్యగా ఉంది.

ఇట్లు,
ఇప్పటికీ ఎర్రసిరా పెన్ను పారెయ్యని
మీ వరహాలక్ష్మి టీచరు.

తా.క.: కవరు అంటించేముందు ఇంకొక్క మాట. పెట్టెలోని రాతిముక్కలన్నీ వరసగా చూశాను. బేబి వేసిన బాణం అంటే ఒక గీత, కొసన రెండు చిన్న గీతలు, అంతే. ఆ మూరెడు ముక్క మీది బాణానికి మాత్రం తోకలో ఈకలున్నాయి. పదో తరగతిలో గుండె బొమ్మ వెయ్యమంటే ప్రతి రక్తనాళం పక్కనా ఈకల బాణాలు వేసి, "ఈకల్లేపోతే బాణం తిన్నగా ఎలా ఎల్తాదండీ?" అని నాతో వాదించిన కోటవురట్ల కుర్రాడు నాకు ఒక్కడే తెలుసు. వాటిల్లో సగం వెనక్కి తిరిగి ఉండేవి కూడాను.

ఆ ముక్క పైకి తీసిన మధ్యాహ్నం బేబి వడదెబ్బ తగిలి రాజమండ్రి ఆస్పత్రిలో సెలైను ఎక్కించుకుంటోంది. పాపం సారే ఎండలో పెట్టెల దగ్గర కూర్చుని పని చూశారని నిరుడు తనే నాతో మెచ్చుకుంటూ చెప్పింది. ఆ జ్వరంలో అన్న మాట ఇప్పుడు దానికి గుర్తులేదు. నీకూ గుర్తుండి ఉండదు. తెలిసి చేశావని నేననుకోను.

బేబికి ఈ సంగతి చెప్పలేదు, చెప్పను. సోమవారం ఆ ముక్కని నీ బల్ల మీద పెట్టి, అందరి ముందూ తప్పు నాదేనండి అనబోతుంది. ఆ మాట పూర్తికాకముందే నువ్వు లేచి నిలబడు. నా క్లాసులో తప్పు చేసినవాడు, నేను పేరు పిలవకుండానే నిలబడేవాడు.