అవ్వకు అక్క దొరికింది

ఆదివారం

"నన్ను సంకల ఎత్తుకున్న అక్క ఒకతి ఉండె" అని అవ్వ ఎప్పుడూ అనేది. తల్లిదండ్రులు జ్వరంతో పోయాక బోధన్‌లో మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి. కల కని ఉంటుందిలే అనుకున్నాం అందరం.

పోయిన వారం నేను చర్చిలోని పాత బాప్తిస్మం పుస్తకం తిరగేస్తే, అవ్వ తండ్రి పేరు ఏలియా అని ఉంది. అంతకుముందు పేజీలో కోటగిరి ఎల్లయ్య కూతురు మరియమ్మ అని ఉంది. ఇద్దరి తల్లి పేరూ బాలమ్మే. "బాలమ్మలు ఊరికి పదిమంది ఉంటరు బిడ్డా" అన్నారు పాస్టరు గారు. నిజమే. అందుకే అవ్వకు ఏమీ చెప్పలేదు. ఈరోజు ఆరాధన అయ్యాక అవ్వ తండ్రి బాప్తిస్మం రాసిన పేజీ కూడా దొరికింది: "ఎల్లయ్య, ఇకమీదట ఏలియా. భార్య బాలమ్మ, కోటగిరి."

కోటగిరి చర్చికి ఫోన్ చేస్తే మరియమ్మ బతికే ఉందన్నారు. చెల్లెలు చనిపోయిందనే ఇన్నేళ్లూ అనుకుందట.

ఆ మాట చెప్తే అవ్వ ఏడవలేదు. పక్కింటి షాహీన్ అక్కను పిలిచి, "మా అక్కను నా మన్మరాలు దొర్కవట్టింది. నేను అబద్ధం చెప్పలే" అంది. అంత గర్వం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. నాకూ అంతే గర్వంగా ఉంది.

రేపు పొద్దున్నే ప్రయాణం. మరియమ్మకు చూపు ఆనదట, చెల్లెల్ని ఎట్లా గుర్తుపడుతుందో... ఆ మాటే అంటే అవ్వ, "చెయ్యి పట్టుకుంటే ఎర్కయితది" అని ఉతికిన చీర తీసి పెట్టుకుంది.