మిగిల్చిన ఆరు పొట్లాలు

రత్నం,

మన సుగుణకు ఈరోజు చివరి పొట్లం మందు వేశాను. పిల్లకు చలిజ్వరం వచ్చి పదిరోజులైంది. రాజమహేంద్రవరం మిషను ఆసుపత్రి డాక్టరుగారు క్వినైను పొట్లాలు కట్టించి ఇచ్చి, జ్వరం తగ్గినా సరే, అన్నీ వేసి తీరాలన్నారు.

ఐదో రోజుకే జ్వరం విడిచింది. మీ అమ్మగారు పిల్లకు నీళ్లు పోసి, బీరకాయ కూరతో పథ్యం పెట్టారు. సాయంత్రం నేను పొట్లం విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"పథ్యం పెట్టేశాక ఇంకా మందేంటండీ అల్లుడుగారూ? పోయిన జ్వరాన్ని మళ్లీ పిలిచినట్టు!"

"డాక్టరుగారు చెప్పారండీ," అన్నాను. తేనెలో రంగరించి పట్టాను. పిల్ల చేదుకు ఏడ్చింది.

కిందటేడు నీకు ఇదే జ్వరం వస్తే, నువ్వు పథ్యం తిన్న రోజునే మందు మానేశావు. మిగిలిన ఆరు పొట్లాలూ పిల్లకు ఎప్పుడైనా పనికొస్తాయని చింతపండు జాడీ వెనక దాచావు. పదిరోజులకు జ్వరం తిరగబెట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్తున్న పడవ ధవళేశ్వరం దగ్గర కాలువ లాకు దాటకముందే నువ్వు పోయావు.

ఆ పొట్లాలు డాక్టరుగారికి చూపించాను. పెద్దవాళ్లకిచ్చిన మందు పిల్లలకు వెయ్యకూడదని, పైగా అది చెమ్మగిల్లిందని చెప్పి పారెయ్యమన్నారు. పొద్దున పారేశాను. కాగితాలు మాత్రం ఉంచుకున్నాను. ప్రతిదాని మీదా నీ చేతిరాతతో "సుగుణకు" అని ఉంది.

నువ్వు వాటిని దాచిన రోజున, ఎంత పొదుపరివో అని మెచ్చుకున్నది నేనే.