ఇరవై నాలుగు లైన్లకు ఒకే పరీక్ష

అక్కకు,

రెండు వీధుల అవతల ఉండి ఉత్తరం రాస్తున్నానంటే నీకు నవ్వొస్తుంది. ఎదురుగా కూర్చుని చెప్పే మొహం లేదక్కా. సోమవారం ఉద్యోగం మానేస్తానని కాగితం ఇస్తావట, బావ చెప్పాడు. అది ఇచ్చేలోపు ఇది చదువు. నీ చెవులకు ఏమీ కాలేదు.

మీ ఆఫీసులో నెట్‌వర్క్ కేబుళ్లు వేసే పని నీ మాట మీదే నాకిచ్చారు. "మా తమ్ముడి పనికి వంక పెట్టలేరు" అని మేనేజరుతో అన్నావు. ఇరవై నాలుగు లైన్లు లాగాను. ఒక్కోదానికీ రెండు చివరలా మీటరు పెట్టి పరీక్షించి, ఫలితాన్ని దాని నంబరు పేరిట మీటరులోనే దాచాలి. ఆ రోజే ఇంకో కాలనీలో వైఫై పెట్టెలు బిగిస్తానని ఒప్పుకున్నాను. మొదటి లైను పాసయింది. మిగతావాటిని ముట్టుకోలేదు. ఆ ఒక్క లైనునే ఇరవై నాలుగుసార్లు పరీక్షించి, నంబర్లు మార్చి దాచేశాను. మా పనివాళ్లలో ఇది కొత్తేం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంత శుభ్రమైన రిపోర్టు ఎక్కడా చూడలేదని మేనేజరు మెచ్చుకున్నాడు. ఉన్నది ఒకే లైనాయె, శుభ్రంగా ఉండక ఏం చేస్తుంది!

నీ బల్ల దగ్గరికొచ్చే లైను పైకప్పులో ఒకచోట మడత పడింది. లాగుతున్నప్పుడే చేతికి తెలిసింది, పట్టించుకోలేదు. నీ ఫోను నడిచేది దాని మీదే. మాటలు ముక్కలుముక్కలుగా వచ్చేవి అందుకే. ఫోను మార్చి చూశారు గానీ లైనును ఎవరూ అనుమానించలేదు, నా రిపోర్టులో అది పాసు కదా.

నీవి పాము చెవులని అమ్మ తిట్టేది. అలాంటి నువ్వు పోయిన నెల భోజనాల దగ్గర నా పెదాల వంకే చూస్తూ మాట పోల్చుకుంటున్నావు. చెవుల డాక్టరు బాగానే ఉందన్నా నమ్మలేదు. "ఆయనకేం తెలుసురా, ఆఫీసులో ఫోనెత్తితే సగం మాటలు వినపడవు" అన్నావు. నాకు అప్పుడే అర్థమైంది. అయినా నోరు తెరిచి ఏమన్నానో తెలుసా? "వయసొస్తోంది కదక్కా" అన్నాను. చేసిన తప్పు కంటే ఆ మాటకే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

నీ తమ్ముడు

తమ్ముడికి,

నీ ఉత్తరం ఉదయం తలుపు కింద దొరికింది. వంటింట్లో నిలబడే రెండుసార్లు చదివాను. ఆ రాజీనామా కాగితం చించేశాను.

ఏడు నెలలురా. నలుగురిలో నవ్వడం మానేశాను. వాళ్లు ఒకటంటే నేను ఇంకోదానికి నవ్వుతానేమోనని భయం. నా చిన్న కూతురు గుసగుసగా చెవిలో ఏదో చెప్పబోతే తోసేశాను, వినపడకపోతే దాని మొహం చూడలేనని. అదేం చెప్పాలనుకుందో ఇప్పుడడిగితే దానికీ గుర్తులేదు.

మేనేజరుకు నేను చెప్పను. నువ్వే వెళ్లి చెప్పుకో, లైన్లన్నీ మళ్లీ పరీక్షించు. క్షమించమని నువ్వు అడగలేదు, అంతవరకు నయం. అడిగినా ఇప్పుడు నావల్ల కాదు.

కానీ ఇంత మాట కాగితం మీద రాసి, దొంగలా తలుపు కింద తోసేసి పోతావా? సాయంత్రం ఇంటికి రా. తల వంచుకునే చెప్పు, గొంతు పెంచకుండా చెప్పు. నాకు వినపడుతుంది.

అక్క