వ్యాసానికి పదిహేను మార్కులు

కంచరపాలెం,
విశాఖపట్నం.
17 ఆగస్టు 2025

సాకిబ్ బావకి,

కోపం తగ్గని గవర్రాజు నమస్కారాలు. అక్కడ హాస్టల్ తిండి నీకు పడుతోందనుకుంటాను. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నీ నంబరు నేనే బ్లాక్ చేశాను కదా, తియ్యడానికి పొగరు అడ్డొస్తోంది. అందుకే ఈ కాయితం.

స్టేషన్లో నేనన్న మాటలు నువ్వు మర్చిపోయుండవు. నేనూ మర్చిపోలేదు. ఎంట్రన్స్ ఆబ్జెక్టివ్‌లో ఎనభై ఐదుకి నాకు డెబ్బై ఒకటి, నీకు అరవై ఆరు. వ్యాసంలో పదిహేనుకి నీకు పన్నెండు, నాకు సున్నా. కటాఫ్ డెబ్బై ఆరు. నువ్వు బెంగళూరు రైలెక్కావు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇంగ్లీషులో వాళ్లకి నచ్చేట్టు రాసి సీటు కొట్టావని అరిచాను. వందలో పదిహేనేరా, దానికి నన్ను తిడతావేటి బావా అని అడిగావు. రైలు కదిలేదాకా చెయ్యి కిటికీ బయటే పెట్టావు. నేను పట్టుకోలేదు.

పదిహేనే కావచ్చు. గట్టెక్కినోడికి అవి లెక్కలోకి రావు. అంచున వేలాడేవాడికి అందులో ఐదు పడితే చాలు, బతుకు మారిపోతుంది. ఏ భాషలోనైనా రాయొచ్చని అచ్చేసి, తెలుగులో రాసినోడికి సున్నా వేస్తారా? ఇదే మాట కరపత్రంగా రాసి, వెయ్యి కాపీలు కొట్టిద్దామని నిన్న మీ అబ్బా నజీర్ చాచా ప్రెస్సుకి వెళ్లాను.

చాచా నన్ను చూసి, ఏటిరా, సాకిబ్ లేకపోతే మా గుమ్మం నీకు కనపడదేటి అన్నారు. టీ చెప్పారు. అలవాటు కొద్దీ మూడు గ్లాసులొచ్చాయి. మూడోది ఎవరూ ముట్టలేదు. మనం ప్రూఫులు దిద్దిన బల్ల మీద ఇప్పుడు పెళ్లికార్డుల కట్టలున్నాయి. స్టీల్‌ప్లాంటు గేటు దగ్గర పంచిన మన మొదటి కరపత్రం ఇంకా గోడకే ఉంది, నేను వద్దంటున్నా నువ్వు పెట్టిన కామాతో సహా.

చాచా నా కాయితం చివరిదాకా చదివి, కింద పేరేదిరా అన్నారు. ఆయన పద్ధతి నీకు తెలుసు, ప్రచురించినోళ్ల పేరు లేనిదే మిషను తిప్పరు. ఏ మాటకైనా కింద మనిషుండాలంటారు. నాదొక్కటే వెయ్యమన్నాను. ఒక్కడివేనేట్రా, ఇన్నాళ్లూ రెండు కదా వేసేవాణ్ణి అన్నారు. కాయితం లాక్కుని వచ్చేశాను.

బీచ్ రోడ్డు వైపు వెళ్లడం మానేశాను. ఇద్దరం వాదించుకుంటూ నడిచిన దారి ఒక్కడికి మరీ పొడుగైపోయింది. అక్కడ నీతో ఎవడు వాదిస్తున్నాడు? రాయి.

నీ
గవర్రాజు

తా.క.: వారం కిందటే నా జవాబు పత్రం కాపీ తెప్పించుకున్నాను. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ అది జేబులోనే ఉంది. దీనితో పాటు పంపుతున్నాను, చూడు. నా తెలుగుని ఎవరూ కొలవనేలేదు బావా. వ్యాసంలో పేరు రాస్తే దిద్దరని అట్ట మీదే ఉంది. నేను చివర గీత కొట్టి, చాచా నేర్పినట్టే, ‘ప్రచురణ: గవర్రాజు, సాకిబ్’ అని రాసేశాను. తెలిసీ, తెలుగుకే సున్నా వేశారన్న అబద్ధాన్ని అచ్చేయించబోయాను. కరపత్రం చింపేశాను. స్టేషన్లో అన్న మాటల్ని ఎలా చింపాలో తెలీడం లేదు. ఆ రోజు హాల్లో నువ్వు మూడు వరసల ముందు కూర్చుని నీది నువ్వు రాసుకుంటున్నావు. నాకేమో ఇద్దరం కలిసే రాస్తున్నామనిపించింది.