ఎనిమిది కన్నాల చక్రం

జూలై 2, ఉదయం 7

పళ్ళ డాక్టరైన నా కూతురూ, కంప్యూటర్లో బొమ్మలు గీసే అల్లుడూ కలిసి ఒక పాత స్కూలు బస్సును ఆసుపత్రి చేస్తున్నారు. సీట్లు పీకేసి పళ్ళ కుర్చీ బిగించారు. బడి బడికీ వెళ్ళి పిల్లల పళ్ళు చూస్తారట. డ్రైవరును నేనే. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు తోలిన మనిషిని ఇంట్లో పెట్టుకుని బయటివాణ్ణి వెతకడమెందుకని అమ్మాయే అంది.

అల్లుడికి బస్సు గురించి తెలిసిందల్లా దానికి హారన్ ఉంటుందని. ఎదురుగా ఉన్నప్పుడు బాబూ, మీరు అంటాను. అల్లుడు కదా, అనాలి. ఈ పుస్తకంలో మాత్రం వాడు.

జూలై 4

స్పేర్ వీల్ ఏదని అడిగాను. బస్సు కింద వెనకవైపు దానికని ఉన్న ఇనుప బ్రాకెట్‌ను కోయించేసి అక్కడ నీళ్ళ ట్యాంకు పెట్టించాడట. టైరు పోతే ఎలా అంటే జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. ఆ ఫోన్‌నే ఇరుసుకు బిగించుకుని వెళ్దామా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇది స్కూటరు కాదు బాబూ, ఈ సైజు టైరు ప్రతి షాపులోనూ దొరకదని మర్యాదగానే చెప్పాను. అమ్మాయి నా వైపే మాట్లాడింది. వాడు సరేనన్నాడు. నేను చూసి తెస్తానంటే, మీకెందుకు మామయ్యా శ్రమ అన్నాడు.

శ్రమట. వాడు పుట్టకముందు నుంచీ టైర్లు చూస్తున్నాను.

జూలై 9, మధ్యాహ్నం 2

తెచ్చాడు. పాత బస్సులు విప్పి అమ్మే చోట దొరికిందట. టైరు పక్కన ఉన్న నంబరూ, మన బస్సు టైర్ల నంబరూ ఒకటేనని ఫోటోలు తీసి మరీ చూపించాడు. ఫస్టు క్లాసులో పాసైన మొహం పెట్టాడు. ఇద్దరు కూలీలు దాన్ని లోపలికెక్కించి వెనక తలుపు పక్కన నిలబెట్టి బెల్టులతో కట్టారు.

సాయంత్రం 5

దానికి గుడ్డ తొడుగు కుట్టించాడు. తొడుగు మీద నవ్వుతున్న పన్ను బొమ్మ వేశాడు. చక్రానికి చొక్కా తొడిగినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

జూలై 10, ఉదయం 6

ఎవరూ లేవకముందే చొక్కా ఎత్తి చూశాను. టైరు బాగానే ఉంది. లోపలి ఇనుప చక్రానికి బోల్టు కన్నాలు ఎనిమిది. మన బస్సుకు పది. మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిదే. ఈ జన్మలో ఎక్కదు.

కడుపు పట్టుకుని నవ్వాను. ఎవరికీ చెప్పలేదు.

జూలై 11

చెప్పొచ్చు. ఇప్పుడు చెబితే థాంక్స్ మామయ్యా అని మార్చుకొచ్చేస్తాడు, అంతటితో సరి. అలా కాదు. అమ్మాయి ఎదురుగా, చేతిలో స్పానర్‌తో, వాడే కన్నాలు లెక్కపెట్టుకోవాలి. ఎవరి సంగతి ఏమిటో అప్పుడు తెలుస్తుంది అమ్మాయికి. టైరు పోతే ఊళ్ళోనే పోతుంది. మెకానిక్ పక్క వీధిలోనే ఉన్నాడు. ఏమంత మునిగిపోయింది కనుక.

జూలై 14

అమ్మాయి ఆసుపత్రి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. పన్నెండు బడుల పని ఇచ్చే మేడమ్ ఒకావిడ ఉంది. పదహారున మొదటి బడి. తొమ్మిదికల్లా ఉండాలి, ఆ రోజు సరిగ్గా జరిగితేనే మిగతా పదకొండు అందట. అమ్మాయి మూడు రోజులుగా గ్లవుజులు, చిన్న చిన్న అద్దాలు సర్దుతూనే ఉంది. సర్దినవే మళ్ళీ సర్దుతోంది.

ఇక చెప్పేయాలి. రేపు చెబుతాను.

జూలై 15

చెప్పలేదు. భోజనాల దగ్గర వాడు స్పేర్ వీల్ ఎంత అవసరమో అమ్మాయికి పాఠం చెప్పాడు. నా మాటలు నాకే అప్పజెప్పాడు. ఒళ్ళు మండిపోయింది.

జూలై 16, ఉదయం 11

రోడ్డు పక్కన కూర్చుని రాస్తున్నాను. ఊరు దాటి గంటసేపు వచ్చాక, ఎనిమిదింబావుకు, ఇనుప ముక్క ఏదో కోసుకుని ముందు ఎడమ టైరు పేలింది. వెనకదైతే జంట చక్రాలు, రెండోదాని మీద మెల్లగా ఈడ్చుకుపోయేవాణ్ణి. బస్సును నిలబెట్టడం మాత్రం నిలబెట్టాను. ఒక్క సీసా కింద పడలేదు.

వాడు తన చొక్కా అంతా మసి చేసుకుని స్పేర్ దొర్లించుకొచ్చాడు. జాకీ నేనే వేశాను. ఎక్కదని తెలిసీ వేశాను. ఇద్దరం కలిసి ఎత్తాం. తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. తర్వాత వేలు పెట్టి కన్నాలు లెక్కపెట్టాడు. ఇన్నాళ్ళూ నేను చూడాలనుకున్న మొహం అదే. చూడలేకపోయాను.

అమ్మాయి వాణ్ణేమీ అనలేదు. నా వైపు తిరిగింది.

“బస్సు చుట్టూ రెండుసార్లు తిరగనిదే నువ్వు సీటెక్కవు నాన్నా. ఇది నువ్వు చూడలేదా?”

నేను నోరు తెరిచేలోపు వాడే అందుకున్నాడు.

“మామయ్య చూస్తే చెప్పరా? తప్పు నాది.”

 నేను వంగి, విప్పిన నట్లు ఏరుకున్నాను. నూట నలభై మంది పిల్లలు బడి వరండాలో కూర్చుని ఉన్నారట. అమ్మాయి మేడమ్‌ను ఫోన్లో కాసేపు బతిమాలింది, తర్వాత వింటూ నిలబడింది. మెకానిక్ వచ్చేసరికి ఒంటిగంట అవుతుంది.

జూలై 17

పదకొండు బడులూ వేరేవాళ్ళకు వెళ్ళిపోయాయి.

జూలై 18, సాయంత్రం 4

అమ్మాయికి చెప్పేశాను. పదో తేదీనే చూశానని. ఎందుకు చెప్పలేదని అడిగింది. అల్లుడు సిగ్గుపడితే చూద్దామని అన్నాను. రాసుకున్నప్పుడు అంత నీచంగా లేదు ఆ మాట. చేతిలోని తువ్వాలు మడత పెట్టడం పూర్తిచేసి, మెల్లగా అంది.

“ఆయనకి మాత్రం చెప్పకు నాన్నా. నువ్వంటే ఆయనకి చాలా గురి.”

జూలై 24, ఉదయం 8

మొదటి బడివాళ్ళు ఇంకో రోజు ఇచ్చారు. కొత్త డ్రైవరుతో వెళ్ళారు. అంతంత దూరాలు తోలడం నా నడుముకు మంచిది కాదట, అమ్మాయే అంది. అల్లుడు దారిలోంచి ఫోన్ చేసి ముందు టైర్లలో గాలి ఎంత ఉండాలి మామయ్యా అని అడిగాడు. చెప్పాను. సరిగ్గానే చెప్పాను. అతను థాంక్స్ అంటుండగా వెనక నుంచి అమ్మాయి గొంతు వినబడింది. ఎందుకైనా మంచిది, మెకానిక్‌ని కూడా ఒకసారి అడగండి అంటోంది.