జలాల్ తలుపు తీసిన నెల

నరసరావుపేట,
మార్చి 1948

ఒరేయ్ సాంబా,

నువ్వు మద్రాసులో క్షేమంగా ఉన్నావనుకుంటాను. నేనిక్కడ క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. మీ పత్రిక ఈ నెల సంచిక వచ్చింది. నీ బొమ్మల కథ చదివాను. నా చదువులోనే ఏదో పొరపాటుందేమోనని మళ్లీ మళ్లీ చదివాను. పొరపాటు నీ కథలోనే ఉంది.

నీ ఉక్కుజోదులు అయిదుగురూ నాకు మొదటి సంచిక నుంచి తెలుసు. వాళ్లలో నిప్పును చేత్తో పట్టుకునే జలాల్ ఎక్కడి నుంచి పుట్టాడో కూడా తెలుసు. దాచేపల్లి దగ్గర నేను నడిపే బొగ్గు గ్యాసు బస్సు అంటుకున్న రోజు, కాలిపోతున్న తలుపును నేను వట్టి చేతులతో లాగాను. అందులోంచి దిగినవాళ్లలో నువ్వూ ఉన్నావు. జలాల్ చేతిమీద నువ్వు గీసే మచ్చ నా ఎడమచేతి మచ్చే. బ్రహ్మయ్య బాబాయి కాఫీ హోటల్లో నెలనెలా నీ కథ పైకి చదివేది నేనే. జలాల్ వచ్చినప్పుడల్లా అందరూ నావైపు చూసి నవ్వేవాళ్లు. అటువంటి జలాల్ చేత కోట నదివైపు తలుపు తీయించి శత్రువుల్ని లోపలికి రానిచ్చావు.

ఎందుకు తీశాడురా? పోయిన నెల ఆ కోట కోసం ఒళ్లు కాల్చుకున్నవాడు ఈ నెల దాన్ని ఎందుకు అప్పగిస్తాడు? ద్రోహికైనా ఒక బొమ్మలో నోరు విప్పే అవకాశమిస్తారు. నువ్వు అదీ ఇవ్వలేదు. పైగా కోటకు నదివైపు తలుపే లేదని మొదట్లో రాసింది నువ్వే. వాడిచేత తీయించడానికి కొత్త తలుపు కట్టించావన్నమాట.

ఆ రోజు హోటల్లో చదవడం పూర్తయ్యాక ఎవరూ నవ్వలేదు. నావైపు చూడనూ లేదు. నది అవతల నైజాములో గొడవలు మొదలైనప్పటి నుంచి ఇక్కడ మమ్మల్ని చూసే చూపు మారింది. నీకు ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు. రాయాలంటే నాకే సిగ్గనిపించింది. మర్నాడు షెడ్డుకు వెళితే బస్సు యజమాని తాళాలు అడిగి తీసుకున్నాడు. "జలాలు చేతికి తాళాలిస్తే ఎట్టా ఫరీదూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన మనసులో అనుమానం ఎన్నాళ్లుగా ఉందో నాకు తెలియదు. దాన్ని బయటపెట్టే మాట మాత్రం నువ్వు అందించావు.

మా బావమరిది రసూల్ బొంబాయి వెళ్లి కరాచీ ఓడ ఎక్కుతున్నాడు. మమ్మల్నీ రమ్మని ఎప్పటి నుంచో పోరుతున్నాడు. ఇంతకాలం వద్దన్నవాణ్ణి నిన్న సరేనన్నాను. వాడి అక్క ఖదీజా మాత్రం నీకొక ముక్క రాయమంది. "చెప్పకుండా పోతే ఆ బొమ్మే నిజమనుకుంటారు" అంది. అందుకని రాస్తున్నాను.

నీ
ఫరీదు

మద్రాసు,
మార్చి 1948

ప్రాణమిత్రుడు ఫరీదుకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. ఎవరికీ చెప్పవద్దు గాని, జలాల్ ద్రోహి కాడు. వరదలో చిక్కుకుని గోడ పక్కన అరుస్తున్న ఊరివాళ్ల కోసం తలుపు తీశాడు. శత్రువులు వాళ్ల వెనకే దూరారు. ఆ తలుపు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వచ్చే సంచికలో ఉంది. పాఠకులు ఆత్రంగా ఎదురుచూసే చోట ఆపమని మా సంపాదకుడు అడిగితే సరిగ్గా అక్కడ ఆపాను. మీ హోటల్లో నిశ్శబ్దం సంగతి విని కథ పండిందనుకున్నాను. తాళాల మాట ఆయన వేళాకోళానికి అని ఉంటాడు, మనసులో పెట్టుకోకు. ఒక్క నెల ఓపిక పట్టు. అంతా సర్దుకుంటుంది. ఓడలూ గీడలూ అని ఖదీజమ్మను కంగారుపెట్టకు.

నీ
సాంబశివరావు

నరసరావుపేట,
ఏప్రిల్ 1948

సాంబా,

ఒక్క నెల అని తేలిగ్గా రాశావు. నీకది ఒక సంచిక. నేను ఆ నెలంతా ఈ ఊళ్లో జలాల్‌గా తిరిగాను. మాచర్ల బస్సులో నన్ను క్లీనరుగా పంపించడం కూడా మానేశారు. నది దగ్గరికి నేనెందుకట. నీ పాఠకులు ఆత్రపడటానికి నువ్వు ఆపిన చోట, నేను నిలబడి ఉన్నానురా.

నీ జవాబు వచ్చేటప్పటికి మా ఇంట్లో మూటలు కట్టి ఉన్నాయి. ప్రయాణం ముందురోజు ఖదీజా ఒక మూట విప్పి గిన్నెలు బయటికి తీసింది. ఏందని అడిగాను. "భయపడి పోదామంటే వస్తా. అలిగి పోదామంటే రాను" అంది. అలగడం కాదని నేను అరిచాను. ఆమె పొయ్యి వెలిగించింది.

ఆ కోపంతోనే హోటలుకు వెళ్లాను. రోజూ కూర్చునేవాళ్లందరూ ఉన్నారు. నువ్వు చెప్పిన గుట్టు నా జేబులోనే ఉంది, బయటపెట్టలేదు. "జలాల్ ద్రోహం చేశాడని నువ్వు నమ్మావా?" అని బ్రహ్మయ్య బాబాయిని అడిగాను. ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "నమ్మానురా అబ్బాయ్. చదివినప్పుడు నీ మొహమే కనపడ్డది. అయినా నమ్మాను. చానా సిగ్గుగా ఉంది" అన్నాడు.

లేదని అబద్ధం చెప్పి ఉంటే రసూల్ వెంట రైలెక్కేవాణ్ణి. ఆయన నిజం చెప్పాడు. నిజం చెప్పేవాడు ఒక్కడున్న ఊళ్లో ఇంకా పోట్లాడవచ్చనిపించింది. ఆయన ఎదురుగా కూర్చుని కాఫీ తాగాను. రసూల్ ఒక్కడే వెళ్లాడు. స్టేషన్లో వాడు నన్ను పట్టుకుని ఏడిస్తే, నేను చేసింది తెలివైన పనో కాదో నాకే తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

తరవాత నీ కొత్త సంచిక వచ్చింది. ఈసారి నేను చదవనన్నాను. వేరే ఎవరో చదివారు. జలాల్ మంచివాడని తేలగానే చప్పట్లు కొట్టారు. బస్సు యజమాని తాళాలు పట్టుకుని స్వయంగా వచ్చాడు. నేను తీసుకోలేదు. నేను ద్రోహిని కానని మద్రాసు నుంచి అచ్చై వస్తే గాని తెలియని మనిషి దగ్గర పని చెయ్యలేను. రొంపిచెర్ల రైతుల ఆయిలింజన్లు బాగుచేస్తున్నాను. అక్కడిదాకా సైకిలు తొక్కి తొక్కి నడుము విరుగుతోంది.

ఇక నీ సంచిక గురించి నా అభిప్రాయం. ఆఖరి బొమ్మలో మిగతా నలుగురూ జలాల్‌ను కౌగిలించుకున్నారు. బొమ్మ బాగా గీశావు. కానీ వాళ్లలో ఒక్కడైనా వాణ్ణి అనుమానించానని ఒప్పుకోలేదు. క్షమించమని అడగలేదు. హోటలు నడుపుకునే బ్రహ్మయ్య బాబాయి చేసినపాటి పని నీ ఉక్కుజోదులు చెయ్యలేకపోయారు. నువ్వూ చెయ్యలేదు. నీ ఉత్తరమంతా వెతికాను, నవ్వొచ్చిందని మాత్రం ఉంది.

దీనికి ఉత్తరంలో జవాబు రాయకు. బొమ్మలోనూ గీయకు. రైలెక్కి రా. ఖదీజా నీకు వండి పెడుతుంది. నువ్వు అన్నం తింటున్నంతసేపూ నేను తిడతాను.

నీ
ఫరీదు