బియ్యం బస్తాల కింద నీ డబ్బా

బుధవారం, తుబ్లీ, వాన రెండో దినం

శంకరన్నా, మంచిగున్నవా? నీ మెసేజ్‌కు పొద్దటి సంది జవాబియ్యలే, ఏమనుకోకు. ఫోన్ల చెప్పే ధైర్యం లేక ముందుగాల డైరీల రాస్తున్న.

నువ్వు మన దేశంల ఇంటికి పోయేటప్పుడు, "ఏడాదిల అన్ని చదువు, వచ్చినంక అడుగుత" అని మీ నాయిన గుర్తుగా మిగిలిన పన్నెండు పుస్తకాలు ఒక అట్ట డబ్బాల నాకిచ్చిపోతివి. కిరాణా దుకాణంల గిరాకీ లేనప్పుడల్లా చదివిన. పదకొండు అయినయి.

నిన్న గాలివానకు రోడ్డు మీది నీళ్లు దుకాణంల జొచ్చినయి, కరెంటు పోయింది. బియ్యం తడుస్తయని నేను, పక్క సెలూన్ కరీం భాయి చీకట్లనే చేతికందిన డబ్బాలు పరిచి బస్తాలు పైకెక్కించినం. "చావల్ బచ్ గయా భాయ్, యల్లా, చాయ్ పిలా!" అని, బియ్యం దక్కినయి ఇగ చాయ్ తాపమని కరీం భాయి నవ్విండు. కరెంటు వచ్చినంక చూస్తే, అన్నిటికంటే కిందున్నది నీ పుస్తకాల డబ్బానే.

చదివిన పదకొండు పుస్తకాలు ఫ్యాను కింద ఆరుతున్నయి. నేను చదవని పన్నెండోదాంట్ల మీ నాయిన సంతకం సగం చెదిరిపోయింది. ముట్టుకుంటే మిగిలింది గూడ పోతదని భయమైతున్నది.

ఎల్లుండి ముహర్రక్‌ల విమానం దిగి సక్కగ దుకాణానికే వస్తనంటివి. ఆరేదాకా ఆగుతవా అన్నా, తడిదే చూస్తవా? ఎప్పుడు కలుద్దాం?